బద్దెపురుగు వచ్చిన దారి

కొత్తగూడ కూడలికి దగ్గరలో ఉన్న ఆ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆదివారం భోజనం చిన్న పండుగలా జరిగేది. ఇంటి పెద్ద పెద్దన్న ఇత్తడి తాంబాళం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. వేడి కాస్త తగ్గిన అన్నంలో చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి, నెయ్యి వేసి, చొక్కా చేతులు మడిచి, ముని వేళ్ల నుంచి మణికట్టు దాకా పూసుకుంటూ కలిపేవాడు. కడప జిల్లాలో ఆయన తండ్రీ ఇలాగే కలిపేవాడట. కలిపినదాన్ని బత్తాయంత ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెట్టేవాడు. మొదటి ముద్ద సాఫ్ట్‌వేర్ కొడుకు సందీప్‌కు, రెండోది భార్య సరోజమ్మకు, మూడోది కొత్త కోడలు భార్గవికి.

పెళ్లై మూడు నెలలైన భార్గవికి ఆ ముద్ద అంటే ఎంత ఇష్టమో చెప్పలేం. అరచేతిలో దాని వెచ్చదనం, వేళ్ల సందుల్లోంచి కారే నెయ్యి, పక్కన కూర్చున్న సందీప్ తన ముద్దలోంచి కొంచెం తుంచి దొంగతనంగా ఆమె ముద్దకు అతికించడం. ఇంతకన్నా పెద్ద సుఖం లోకంలో ఉంటుందా అనిపించేది ఆమెకు.

ఆఖరి ముద్ద వంటమనిషి చంద్రమ్మది. ఆమె వంటగది గడప దగ్గరే నిలబడి దోసిలి పట్టేది. పెద్దన్న లేచి వెళ్లి, జానెడు ఎత్తు నుంచి, చెయ్యి తగలకుండా ఆ దోసిట్లో ముద్ద వదిలేవాడు. ఇందులో తప్పేముందని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. పెట్టే చెయ్యి పెద్ద మనసుకు గుర్తు అనుకునేవారు.

చంద్రమ్మది పాలమూరు వైపు పల్లె. భర్త చంద్రయ్య ఆ అపార్ట్‌మెంటుకే కావలి. సెల్లారు పక్కన ఒక రేకుల గది వాళ్లకు ఉండడానికి ఇచ్చారు. ఇంటర్ చదివే కూతురు కళ్యాణి కూడా అందులోనే. గది ఇచ్చినవాళ్లు పాయిఖానా ఇవ్వలేదు. సెల్లారులో ఒకటి కట్టారు గానీ దానికి తాళం. పనివాళ్లు వాడితే వాసన వస్తుందని అసోసియేషన్ తీర్మానం చేసింది. ఫ్లాట్లలోవి ముట్టనివ్వరు. కాబట్టి వంట చేసేవాళ్లు, తుడిచేవాళ్లు, కావలివాళ్లు ప్రహరీ వెనక ఖాళీ స్థలంలోని తుమ్మపొదల్లోకి పోవలసిందే. పగటిపూట ఆడవాళ్లకు అదీ లేదు. అందుకే చంద్రమ్మ తెల్లవారి పనిలోకి వచ్చాక పొద్దుగూకే దాకా గుక్కెడు నీళ్లు తాగేది కాదు. పది మందికి సరిపడా నీళ్లు కాచి, వడగట్టి, సీసాల్లో నింపే మనిషి నోరు ఎండబెట్టుకుని నిలబడేది. చదువరులారా, ఈ కథలో రోగం ఇక్కడ మొదలైంది. ఆ ఇంట్లో చదువుకున్న వాళ్లు ముగ్గురున్నా ఒక్కరికీ అది కనపడలేదు.

భార్గవి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, హఫీజ్‌పేట్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమెకు చదును పురుగులంటే వల్లమాలిన ప్రేమ. ఒక వాన వెలిసిన ఉదయం బాల్కనీలో మల్లెకుండీ కింద గోధుమరంగు పట్టీలాంటి ప్రాణి ఒకటి కనబడింది. తల మాత్రం చిన్న గొడ్డలిలా రెండు పక్కలకు విచ్చుకుని ఉంది. భార్గవి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"సందీప్! త్వరగా రా! భూమ్మీద తిరిగే చదును పురుగు! చూడు, ఎంత బాగుందో!"

"పాము పిల్లేమో చూసుకో."

"పాముకు వెన్నెముక ఉంటుంది. దీనికి ఎముకలే లేవు. రక్తమూ లేదు, ఊపిరితిత్తులూ లేవు. ఒళ్లు ఇంత పల్చగా ఉంది కాబట్టి గాలి చర్మంలోంచే లోపలికి పోతుంది. ముక్కలు చేశావనుకో, ముక్కకు ఒక పురుగు తయారవుతుంది."

"అమ్మో! అయితే దీంతో గొడవ పెట్టుకోకూడదు."

"వీటిలో ఎన్ని వేల జాతులో! సముద్రంలో ఉండేవి పట్టుచీర అంచుల్లా రంగులు రంగులుగా ఉంటాయి. కాలవల్లో ఉండే ప్లనేరియాకు మెల్లకన్ను. గొర్రె కార్జంలో ఆకులా అతుక్కుని బతికేది ఇంకొకటి. ఇంకో జాతి ఉంది, మన రక్తనాళాల్లో బతుకుతుంది. అందులో మగది తన ఒంటిని మడిచి, ఆ మడతలో ఆడదాన్ని పెట్టుకుని జీవితాంతం మోస్తుంది."

"జీవితాంతమా? సోమవారం కూడా?"

"సోమవారం కూడా."

"పాపం, దానికి ఆఫీసు లేదు." సందీప్ నవ్వి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

టీ తెచ్చిన చంద్రమ్మ వాళ్లను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కొత్త పెండ్లిపిల్లలు పూలు జూసి మురుస్తరు. ఈ అమ్మ పురుగుల జూసి మురుస్తది. ఏం జమానా వచ్చెనో!"

ఇల్లంతా నవ్వింది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బస్సులు లేవు, కాలేజీలు లేవు. బొగ్గు రాక కరెంటు పోతూ వస్తూ ఉంది. కూడళ్లలో రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక మంగళవారం రోడ్లు మూసేశారని ఆఫీసు క్యాబు రాలేదు. సందీప్ భోజనాల బల్ల దగ్గరే ల్యాప్‌టాప్ తెరిచాడు. కాసేపటికి అతని కుడిచెయ్యి తనంతట తానే కొట్టుకోవడం మొదలైంది. ఏమిటిదని దాని వైపు చూస్తూనే కుర్చీలోంచి పడిపోయాడు. ఒళ్లంతా బిగుసుకుంది. నోట్లో నురగ.

"నాయనా! తాళాలు! ఇనప తాళాలు చేతిలో పెట్టండి!" సరోజమ్మ కేకలు వేసింది.

భార్గవి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. చంద్రమ్మ పరుగున వచ్చి, తల నేలకు కొట్టుకోకుండా తన తొడ మీద పెట్టుకుంది. చంద్రయ్య కింద నుంచి వచ్చి అతన్ని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆటోలో కూడలికి వచ్చేసరికి అక్కడ నడిరోడ్డున పొయ్యిలు మండుతున్నాయి. ఆటో ఆగిపోయింది. కానీ గులాబీ కండువాలు వేసుకున్న మనుషులే మరుగుతున్న పప్పు గుండిగను మోసి పక్కన పెట్టారు. "పానం మీదికొచ్చింది, దారియ్యుండ్రి!" అని అరుస్తూ ఆటో ముందు పరిగెత్తారు.

ఆసుపత్రిలో స్కాను తీశారు. నరాల డాక్టరమ్మ దాన్ని దీపానికి ఎత్తి చూపింది. మెదడులో చిక్కుడు గింజ కన్నా చిన్న తిత్తి.

"బద్దెపురుగు పిల్ల ఇది. భయపడకండి, మందులతో తగ్గుతుంది. మూర్ఛ మందు మాత్రం చాలాకాలం వాడాలి."

"పందిమాంసంతో వచ్చే పురుగే కదా?" సరోజమ్మ చెవులు మూసుకుంది. "శివశివా! మా ఇంట్లో కోడి, పొట్టేలు తప్ప ఇంగేమీ ఎరగం. ఆ పేరెత్తితేనే ఇల్లు కడుక్కుంటాం."

"జాగ్రత్తగా వినండమ్మా. మాంసం సరిగ్గా ఉడక్కుండా తింటే పురుగు పేగులోకి వస్తుంది. ఆ మనిషి మలంలో దాని గుడ్లు పడతాయి. ఆ గుడ్లు ఇంకొకరి నోట్లోకి పోతే, వాళ్ల మెదడులో ఇలా తిత్తి కడుతుంది. మీ అబ్బాయి పంది తిననక్కర్లేదు. పురుగున్న మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా ముట్టుకున్న తిండి తింటే చాలు. ఇంట్లో తిండి ముట్టుకునే వాళ్లందరికీ పరీక్ష చేయించండి. ఆ మనిషి దొరికేదాకా మిగతా వాళ్లకూ ప్రమాదమే."

డాక్టరమ్మ 'అందరికీ' అంది. సరోజమ్మకు 'తిండి ముట్టుకునే వాళ్లు' అన్నదొక్కటే వినబడింది.  వెనకాల నిలబడ్డ పెద్దన్న ముఖం పాలిపోయింది. కొడుకు గురించే దిగులు అనుకున్నారు అందరూ.

ఇంటికి వస్తూనే సరోజమ్మ వంటగది గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మే చంద్రమ్మా, నిజం చెప్పు. మీరు పందిని తింటారా?"

చంద్రమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏందమ్మా గా మాట? మా దిక్కు తినేటోళ్లు తింటరు. మా ఇంట్ల తినం. తింటె మాత్రం గదేమన్న దొంగతనమా?"

"విన్నావా భార్గవీ, తింటే ఏమి అంటాండాది! నా బిడ్డ తలకాయలో పురుగు పెట్టి ఎట్ల నిలబడిందో చూడు!"

"అత్తయ్యా, డాక్టరు అలా చెప్పలేదు. మనందరికీ పరీక్ష..."

"నువ్వు ఊరుకో మే! నిన్న గాక మొన్న వచ్చినావు."

సాయంత్రానికి కబురు అపార్ట్‌మెంటు అంతా పాకింది. అసోసియేషన్ కార్యదర్శి రామాంజనేయులు అనంతపురం మనిషి. పెద్దన్నతో కలిసి ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఆయన సోఫాలో కూర్చుని కాలు ఊపుతూ అన్నాడు. "మనల్ని పొమ్మంటాండారు కదప్పా. రోడ్ల మీద పొయ్యిలు పెడితే పోలేదని ఇప్పుడు మన పొయ్యిల్లోకే దూరినారు."

గదిలో ఉన్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. వంటింట్లో చంద్రమ్మకు వినబడుతుందని ఎవరూ అనుకోలేదు. అనుకున్నా గొంతు తగ్గించేవారు కాదేమో.

మర్నాడు లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించారు. అపార్ట్‌మెంటులో పనిచేసే వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, డ్రైవర్లు, కావలివాళ్లు అందరూ మలపరీక్షకు నమూనా ఇవ్వాలి. ఇవ్వనివాళ్లు పనిలోకి రాకూడదు. ఫ్లాట్లలో ఉండేవాళ్ల గురించి అందులో ఒక్క మాట లేదు. గేటు దగ్గర బల్ల వేసి దాని మీద ప్లాస్టిక్ డబ్బీలు వరసగా పేర్చారు. వాటిని పంచే పని చంద్రయ్యకే అప్పగించారు. వచ్చీపోయే కార్లు ఆగి చూస్తుంటే ఆడవాళ్లు తల దించుకుని, కొంగు చాటున డబ్బీ దాచుకుని వెళ్లారు.

చంద్రమ్మ వంతు వచ్చింది. భర్త డబ్బీ చాపాడు. ఆమె అందుకోలేదు.

"తీస్కో చంద్రీ. జర మన పిల్ల మొకం జూడు. గది పోతే యాడ ఉంటం?" చంద్రయ్య బతిమాలాడు.

బల్ల పక్కన నిలబడిన రామాంజనేయులు గద్దించాడు. "ఏమి, అంత పౌరుషం? తప్పు లేకపోతే భయమెందుకు?"

చంద్రమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా ఆ గేటు ఎన్నడూ వినలేదు.

"భయమా సారూ? పొద్దుగాల లేస్తె పొదలల్ల పాములకు భయపడుత. ఎవడన్న టార్చి గొడ్తడని భయపడుత. నీళ్లు దాగితె యాడికి వోవాల్నని భయపడుత. మీకేం భయపడుత? పోనీకి జాగ ఇయ్యలేదు మీరు. ఇయ్యాల పోయింది మాత్రం డబ్బీల వెట్టి గేటుకాడ తెచ్చియ్యమంటున్నరు! ఇయ్య. ఏం జేస్కుంటరో చేస్కోండ్రి."

ఆమె వెనక్కి తిరిగి రేకుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఇవ్వనన్నది కాబట్టి తప్పు ఆమెదేనని అపార్ట్‌మెంటు తేల్చేసింది. ఆమెను పనిలోంచి తీసేశారు. చంద్రయ్యను కూడా తీసేసి గది ఖాళీ చేయించడానికి ఆదివారం సాయంత్రం సమావేశం పెట్టారు. ఈలోగా మిగతా పనివాళ్ల ఫలితాలు వచ్చాయి. ఇద్దరికి నులిపురుగులు ఉన్నాయి. బద్దెపురుగు గుడ్డు ఒక్కరిలోనూ లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రామాంజనేయులు జేబులో పెట్టుకున్నాడు. అడిగిన భార్గవికి మాత్రం, "చూడమ్మా, అందరూ బాగుండారు. మిగిలింది ఎవరు? ఆ చంద్రమ్మే కదా!" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నమైంది. సరోజమ్మే వండింది. అన్నం, ఊరిబిండి, నెయ్యి, తాంబాళం అన్నీ తెచ్చి భర్త ముందు పెట్టింది. మందుల మత్తుతో నీరసంగా ఉన్న సందీప్ తండ్రి చేతి ముద్ద కోసం చెయ్యి చాపాడు.

పెద్దన్న తాంబాళాన్ని పక్కకు జరిపాడు. "చెయ్యి గుంజుతాంది రా. గరిటెతో పెట్టుకోండి."

భార్గవి ఆయన చేతి వైపు చూసింది. ఆ పొద్దునే ఆ చేత్తోనే ఆయన గ్యాసు సిలిండరు లేపి పక్కన పెట్టాడు. గత నాలుగు రోజులుగా ఆయన మంచినీళ్ల బిందె జోలికి పోవడం లేదు. జామపండు కోసి పెట్టే మనిషి కత్తి కూడా ముట్టుకోవడం లేదు. స్నానాల గదిలో సబ్బు రెండు రోజుల్లో సగం అరిగింది. ఆమె నోటిదాకా తెచ్చిన అన్నం కంచంలో దించేసింది.

భోజనాలయ్యాక బాల్కనీలో ఒంటరిగా కూర్చున్న పెద్దన్న దగ్గరికి వెళ్లింది.

"మామా, ఒకటి అడుగుతాను. మీరు ఎప్పుడైనా పందిమాంసం తిన్నారా?"

"ఛీ ఛీ! ఏం మాటలమ్మా అవి!" పెద్దన్న ఉలిక్కిపడ్డాడు. రోడ్డు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అడవి పంది వేరు గదా తల్లీ."

"ఏది వేరు?"

"ఊర పందిని ఎవరు తింటారు? అడవి పంది అంటే వేట కూర. మగోళ్ల కూర. మా తాతల కాలం నుంచీ ఉండాది. కోకాపేట తోటలో ప్లాట్ల బేరం కుదిరినప్పుడల్లా తెప్పిస్తారు. నిప్పుల మీద కాల్చి పెడతారు. మీ అత్తకు తెలిస్తే ఇంట్లోకి రానీదు. పోలీసు కేసు భయం ఒకటి. అందుకని చెప్పం."

"కోకాపేటలో అడవి ఎక్కడుంది మామా?"

పెద్దన్న భుజం మీది తువ్వాలు సవరించుకున్నాడు.

"అక్కడి గుట్టలూ పొదలూ ప్లాట్లు చేసి అమ్మింది మీరూ రామాంజనేయులు గారే కదా. ఇక అడవి పంది ఎక్కడి నుంచి వస్తుంది? టవర్లు కట్టే కూలీల గుడిసెల వెనక తిరిగే పందుల్ని వ్యానులో వేసుకొచ్చి, అడవి పంది అని చెప్పి మీకు పెడుతున్నారు. వేటగాళ్ల పేరు చెప్తే మీరు ముందూ వెనకా చూడకుండా సగం కాల్చింది తింటారు." భార్గవి ఊపిరి పీల్చుకుంది. "మీకు మలంలో తెల్లగా, సేమ్యా ముక్కల్లా ఎప్పుడైనా కనబడ్డాయా?"

ఆయన తల కిందికి వాలింది. "ఎండాకాలం నుంచి. ఏదో అజీర్తి అనుకున్నా."

"డాక్టరమ్మ చెప్పిన రోజే మీకు అర్థమైంది."

"అయ్యింది. మందుల షాపులో మాత్ర తెచ్చుకుని మింగినా. అయిపోయింది గదా! ఇంగ ఎవరికీ చెప్పొద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"మరి చంద్రమ్మ?"

"పనిమనిషి గదా తల్లీ. ఇంకో ఇంట్లో కుదురుకుంటుంది. ఈ వయసులో నేను ఇంకో మొహం యాడ తెచ్చుకునేది?"

భార్గవికి ఒళ్లు మండిపోయింది. బద్దెపురుగు గురించి ఆమె ఎన్నిసార్లో పాఠం చెప్పింది. దానికి నోరు లేదు, పేగు లేదు, కళ్లు లేవు. కొక్కేలున్న తలతో మనిషి పేగు గోడను పట్టుకుని, పక్కవాడు కష్టపడి అరిగించిన అన్నసారాన్ని ఒంటితో పీల్చుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి అని ఎంత సంబరంగా చెప్పేది! పురుగు చేసింది పురుగు బతుకు. అందులో దానికి సిగ్గు లేదు, తప్పూ లేదు. ఈ మనిషి తన కొడుకు నేల మీద కొట్టుకోవడం చూశాడు. తన రోగాన్ని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టి ఇల్లు కూల్చడం చూశాడు. చూసి గరిటెతో అన్నం పెట్టుకోమన్నాడు!

"ఒక్క మాత్రతో అయిపోలేదు మామా. ఇంట్లో అందరం పరీక్షలు చేయించుకోవాలి. మీరు ఎత్తు నుంచి వదిలిన ముద్ద చంద్రమ్మ కూడా తిన్నది. ఆమె తలలో ఏమి పెరుగుతోందో ఎవరికి తెలుసు? సాయంత్రం మీటింగులో మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

సాయంత్రం సెల్లారులో కుర్చీలు వేశారు. కరెంటు లేదు, జనరేటరు రొద పెడుతోంది. చంద్రయ్య టోపీ చేతిలో పట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. చంద్రమ్మ రేకుల గది గుమ్మంలో, కూతురి భుజం పట్టుకుని నిలబడింది. రామాంజనేయులు లేచి, ఆరోగ్య రీత్యా కావలివాడిని మార్చాలని తీర్మానం ప్రతిపాదించాడు. పెద్దన్న ముందు వరసలోనే ఉన్నాడు. నేల వైపు చూస్తున్నాడు. భార్గవి ఎదురుచూసింది. ఆయన లేవలేదు. చేతులెత్తమని రామాంజనేయులు అడిగాడు.

"ఆగండి," అని భార్గవి లేచింది. "పనివాళ్ల పరీక్షల్లో ఒక్కరికీ బద్దెపురుగు లేదని ముందు అందరికీ చెప్పండి."

"కొత్త కోడలివి, కూచోమ్మా. పెద్దోళ్లు మాట్లాడతాండారు."

"కూర్చోను. నేను చదివింది ఈ పురుగుల గురించే. కోకాపేట తోటలో అడవి పంది విందు తిన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తమంటున్నారు కదా, ఎత్తండి!"

 వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు.

"ఎవరూ ఎత్తరు! సరే, పురుగు ఏ దారిన వచ్చిందో నేను చెప్తాను. మనం పనిచేసే టవర్లు కట్టే కూలీలకు పాయిఖానాలు లేవు. మన ఇళ్లలో వండే వాళ్లకూ లేవు. వాళ్లు పొదల్లోకి పోతే పందులు అక్కడే తింటాయి. పురుగు గుడ్లు పంది కండలో తిత్తులవుతాయి. ఆ పందికి అడవి పేరు పెట్టి మీరు విందు చేసుకుంటారు. అది మీ పేగులో మూడు నాలుగు గజాల బద్దె అవుతుంది. మీ గోళ్ల సందుల్లోంచి మీ పిల్లల తలల్లోకి పోతుంది. ఈ దారిలో చంద్రమ్మ తప్పు ఎక్కడుంది? చెప్పండి!"

"ఆధారం లేకుండా మర్యాదస్తుల మీద..." రామాంజనేయులు గొంతు పెంచాడు.

అప్పుడు సందీప్ లేచాడు. అతనికింకా కాళ్లు స్థిరంగా లేవు. కుర్చీ వీపు పట్టుకుని తండ్రి వైపు చూశాడు. భార్గవి అతనికి ఏమీ చెప్పలేదు. అయినా తండ్రి ముఖం అతనికి అన్నీ చెప్పింది.

"నాన్నా, నువ్వేనా?"

 పెద్దన్న లేచి నిలబడి, కొడుకు వైపు చూడలేక, స్తంభం వైపు తిరిగి చెప్పాడు. "నేనే. పురుగు నాలోనే ఉండాది. తెలిసీ నోరు మూసుకున్నా."

సరోజమ్మ చేతిలోని విసనకర్ర నేల మీద పడింది.  ఆమె లేచి నేరుగా రేకుల గది దగ్గరికి నడిచింది. గుమ్మంలో చంద్రమ్మకు ఎదురుగా ఆగింది. పెద్దన్న వెనకే వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయింది చంద్రమ్మా. క్షమించు."

చంద్రమ్మ ఆ చేతుల వైపు చూసింది.

"మాఫీ నేనేం జేస్కుంట సారూ? కూరొండుకుంటనా? మీ బాబు మంచిగున్నడా, గంతె చాలు. గా పాయిఖాన తాళం తియ్యుండ్రి. నాకొక్కదానికి గాదు, ఈడ పనిజేసే అందరికి."

"తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వెతకాలి," అన్నాడు రామాంజనేయులు. "మళ్లీ మీటింగు పెట్టి..."

"నా కాడనే ఉన్నది సారూ."

అందరూ తిరిగి చూశారు. చంద్రయ్య నడుముకు వేలాడుతున్న తాళాల గుత్తిలోంచి చిన్న ఇత్తడి చెవిని వేరుచేసి పట్టుకున్నాడు. "మీరే తియ్యద్దన్నరు. కొలువు పోతదని తియ్యలే."

చంద్రమ్మ భర్త వైపు తిరిగింది. అంతవరకు ఎవరి ముందూ తడవని ఆమె కళ్లు అప్పుడు తడిశాయి.

"ఇన్నొద్దులు నీ నడుముకే ఉండెనా? నేను పొదలల్లకు వోతుంటె చూస్కుంట నిలవడ్డవా?"

 చంద్రయ్య వెళ్లి తాళం తీశాడు. లోపల ఎవరూ అడుగుపెట్టని తెల్లటి పలకలు, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని కొళాయి. కళ్యాణి వెళ్లి కొళాయి తిప్పింది. ధారగా నీళ్లు వచ్చాయి. ఇంత నీళ్లు పెట్టుకుని ఇంతమంది ఆడవాళ్లను ఎండబెట్టిన అపార్ట్‌మెంటు ఆ చప్పుడు వింటూ నిలబడింది.

ఆ తర్వాత పెద్దన్న సరైన వైద్యం చేయించుకున్నాడు. తోట విందు తిన్నవాళ్లలో ఇంకొకరికి కూడా పురుగు ఉందని తేలింది. భార్గవి పట్టుబట్టి చంద్రమ్మ కుటుంబానికి కూడా పరీక్షలు చేయించింది, ఏమీ లేదని తెలిశాకే ఊపిరి పీల్చుకుంది. సందీప్‌కు మూర్ఛ మళ్లీ రాలేదు. చంద్రయ్య కొలువు నిలిచింది. చంద్రమ్మ మాత్రం మూడో అంతస్తు వంటగదిలోకి మళ్లీ అడుగుపెట్టలేదు. సరోజమ్మ రెండుసార్లు స్వయంగా వెళ్లి పిలిచింది. "వద్దమ్మా, మనసు విరిగింది," అని ఆమె ఎదురు వీధిలో వేరే ఇల్లు చూసుకుంది. ఆ ఇంట్లో చేరేముందు ఆమె అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు.

చదువరులారా, మీ అపార్ట్‌మెంటు సెల్లారులోనూ ఇలాంటి తాళం ఒకటి ఉందేమో ఈ రోజే దిగి చూడండి. పొమ్మనేవాళ్లెవరో, ఉండేవాళ్లెవరో మనం రోడ్ల మీద తేల్చుకుంటూనే ఉన్నాం. మనకు అన్నం వండే మనిషికి కాలుమడిచే చోటు ఇవ్వకుండా, మన ఇల్లు శుభ్రంగా ఉందని మనకు మనమే చెప్పుకుంటున్నాం. అది పచ్చి అబద్ధం, ఆ అబద్ధాన్ని మనం నమ్మినా పురుగు నమ్మదు.